కొత్త ఫస్ట్ క్లాస్: గది దొరికింది, మరి నిద్ర?

(హైదరాబాద్‌లో ఏరోనాటిక్స్ విద్యార్థులు, వారి కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న సూటిగా ఉంది. విమానాల్లో కొత్త కొత్త ఫస్ట్ క్లాస్ గదులు వస్తున్నాయి. యూట్యూబ్ తెరిస్తే తలుపులు, డబుల్ బెడ్లు, షవర్లు కనిపిస్తున్నాయి. కంపెనీలు చెప్పుకున్నంత గొప్పగా అవి ఉన్నాయా, లేవా? విమాన సీట్ల డిజైన్, టెస్టింగ్ పనిలో చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు.

జవాబు ముందే చెప్పేస్తాను. గది విషయంలో చాలావరకు మాట నిలబెట్టుకున్నారు. నిద్ర విషయంలో ఇంకా నిలబెట్టుకోలేదు. పన్నెండు, పదిహేను గంటలు గాల్లో గడిపే మనిషికి గది కంటే నిద్ర ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈరోజు అన్నిటినీ ఆ ఒక్క లెక్కతోనే చూస్తాను.

ముందు ఈ ఆశలు ఎలా పెరుగుతూ వచ్చాయో చూద్దాం. 1990ల మధ్యలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన ఫస్ట్ క్లాస్‌లో పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు తెచ్చింది. అప్పటిదాకా ఎంత డబ్బు పెట్టినా ఎక్కువగా దొరికేది వాలు కుర్చీయే. 2000లో అదే కంపెనీ ఆ పడకను బిజినెస్ క్లాస్‌కు కూడా ఇచ్చేసింది. అక్కడే ఫస్ట్ క్లాస్‌కు చిక్కొచ్చింది. వెనక క్యాబిన్‌లో కూడా కాళ్లు చాపుకుని పడుకునే వీలుంటే, ముందు కూర్చునేవాడు రెట్టింపు డబ్బు ఎందుకిస్తాడు? దానికి డిజైనర్లు చెప్పిన జవాబు గోడలు.

2007లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన మొదటి ఎ380లో, అంటే ఎయిర్‌బస్ వాళ్ల రెండంతస్తుల విమానంలో, 12 సూట్లు పెట్టింది. ఒక్కోదానికి జారే తలుపు, మధ్యలో జంటలకు కలిపి వేసే పడక. అదే ఏడాది మన దేశపు జెట్ ఎయిర్‌వేస్ కూడా బోయింగ్ 777లలో తలుపులున్న 8 ఫస్ట్ క్లాస్ సూట్లు తెచ్చింది. ఈ సంగతి చాలామందికి గుర్తులేదు. ఆ కంపెనీ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది కాబట్టి ఆ సూట్లను తలుచుకునేవాళ్లు తగ్గారు గానీ, ప్రపంచంలో తలుపున్న విమాన గదుల మొదటి వరసలో మనవీ ఉన్నాయి. 2008లో ఎమిరేట్స్ ఎ380లో షవరు పెట్టింది. 2014 చివర్లో ఎతిహాద్ ఏకంగా హాలు, పడకగది, స్నానాల గది కలిపి 'ది రెసిడెన్స్' అని అమ్మింది. సుమారు 125 చదరపు అడుగులు. ఊళ్లలో చిన్న పడకగది అంత.

ఇక 2017లో రెండు పెద్ద ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎమిరేట్స్ తన 777లో నేల నుంచి పైకప్పు దాకా పూర్తిగా మూసుకునే గదులు తెచ్చింది, వరసకు మూడు చొప్పున మొత్తం ఆరు. సింగపూర్ తన ఎ380లో 12 సూట్లను 6కు తగ్గించి పై అంతస్తుకు మార్చింది, కుర్చీ ఒకచోట, పడక ఒకచోట ఉండేలా చేసింది. ఇవాళ జనం పోలికలు తెచ్చేది ఎక్కువగా ఈ రెండింటితోనే.

ఇక్కడ కాస్త ఆగి, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక చిన్న లెక్క చూపిస్తాను. 777 క్యాబిన్ లోపలి వెడల్పు సుమారు 5.86 మీటర్లు. ఎయిర్‌బస్ ఎ350ది 5.61. రెండు నడవాలు ఉండాలి. ఒక్కో నడవా చేతుల ఎత్తులో కనీసం 20 అంగుళాలు ఉండాలని నిబంధన. అంటే మీటరుకు పైగా నడవాలకే పోతుంది. మిగిలిన నాలుగున్నర మీటర్లలో నాలుగు గదులు కడితే ఒక్కోదానికి మీటరు పై చిల్లర. మూడు కడితే మీటరున్నర. నలభై చదరపు అడుగుల గది కావాలంటే మూడే పడతాయి. ఎకానమీలో ఒక మనిషికి దక్కేది నడవా తీసేస్తే దాదాపు నాలుగు చదరపు అడుగులు. పది మంది కూర్చోగల చోటులో ఒక్కరు. టికెట్ ధర ఎందుకు అంత ఉంటుందో ఈ లెక్కలోనే ఉంది. అంత డబ్బు ఇచ్చినవాడి ఆశలు కూడా అందుకే కొండంత ఉంటాయి.

ఇప్పుడు తలుపు సంగతి. యాడ్‌లో ఎప్పుడూ తలుపు మూసుకునే దృశ్యమే చూపిస్తారు. అమెరికా విమానయాన నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా ఉంది. టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో మనిషి కూర్చునే సీటుకూ అత్యవసర ద్వారానికీ మధ్య దారికి అడ్డంగా తలుపు ఉండకూడదు. అంటే ప్రయాణికుడి గదికి తలుపు పెట్టడమే నిబంధనకు విరుద్ధం. అయినా ఎలా పెడుతున్నారు? ప్రతి డిజైన్‌కూ విడిగా మినహాయింపు అడగాలి, షరతులు ఒప్పుకోవాలి. టేకాఫ్, ల్యాండింగ్‌లో తలుపు తెరిచి గట్టిగా బిగించి ఉండాలి. సిబ్బంది బయటి నుంచి తీయగలగాలి. తలుపు ఇరుక్కుపోయినా లోపలి మనిషి బయటపడే దారి ఉండాలి. చాలా సూట్లలో గోడ పైకప్పు దాకా పోకుండా ఛాతీ ఎత్తునో, తల ఎత్తునో ఆగిపోతుంది. లోపల పొగ వచ్చినా, మనిషికి ఏదైనా అయినా నిలబడ్డ సిబ్బందికి కనబడాలి కదా. "ఇంత డబ్బు తీసుకుని పూర్తి గోడ కూడా పెట్టలేదు" అని రివ్యూల్లో విసుక్కునేవాళ్లను చూస్తుంటాను. ఆ గోడ ఎత్తు తక్కువగా ఉండటం వెనక పిసినారితనం లేదు, ప్రాణాల లెక్క ఉంది.

ఆ లెక్క ఎలా తేలుతుందో చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం అక్కడే గడిచింది. సీటును పట్టాల మీద పరిగెత్తే బండికి బిగిస్తాం, దాన్ని స్లెడ్ అంటాం. బిగించే ముందు నేల పట్టాల్లో ఒకదాన్ని పైకి పది డిగ్రీలు, ఇంకోదాన్ని పక్కకు పది డిగ్రీలు మెలితిప్పుతాం. కూలిన విమానంలో నేల చదునుగా ఉండదు కాబట్టి. సీట్లో 77 కిలోల డమ్మీని, అంటే మనిషి బొమ్మను, కూర్చోబెట్టి బెల్టు పెడతాం. దాని ముఖానికి రంగు పూస్తాం, తల ఎక్కడ తగిలిందో మరక చెబుతుంది. తర్వాత 16 జీ దెబ్బ, అంటే భూమి ఆకర్షణకు పదహారు రెట్లు. గంటకు 48 కిలోమీటర్ల వేగం సెకనులో చిన్న భాగంలో సున్నా అవుతుంది. చప్పుడు గుండెల్లో తగులుతుంది. దుమ్ము తగ్గాక అందరం రంగు మరక కోసం వెతుకుతాం. టీవీ ఫ్రేమ్ మూల మీద ఆ రంగు కనిపించిందంటే, నెలల పని మళ్లీ మొదటికి వచ్చినట్టే.

మామూలు ఎకానమీ సీటు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. ఒక రకం సీట్లను టెస్ట్ చేస్తే వందలాది సీట్లకు సరిపోతుంది. ఫస్ట్ క్లాస్ సూటుకు అలా కుదరదు. ఎడమ గది వేరు, మధ్య గది వేరు, కుడి గది వేరు. కుర్చీ తిరుగుతుంది, పక్కన బల్ల ఉంది, ఎదురుగా పెద్ద తెర ఉంది, చెక్క అంచులున్నాయి. తల తగిలే చోటు ఒక్కో కోణంలో మారుతుంది. అందుకే కొత్త గదులు ప్రకటించినప్పటికీ, ప్రయాణికుడు ఎక్కేనాటికీ మధ్య ఏళ్లు పడుతున్నాయి. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా కొత్త 'అలెగ్రిస్' క్యాబిన్లు 2024 మే నెలలో మ్యూనిక్ నుంచి వాంకూవర్‌కు మొదలైనప్పుడు ఆ ఎ350లో ఫస్ట్ క్లాసే లేదు. అది అదే ఏడాది చివర్లో వచ్చింది. 2025లో అదే కంపెనీ బోయింగ్ 787 విమానాల్లో 28 బిజినెస్ సీట్లుంటే, అనుమతి రాక మొదట్లో నాలుగే అమ్మగలిగారు. మిగతావి ఖాళీగా ఎగిరాయి. బోయింగ్ వాళ్ల కొత్త విమానం 777ఎక్స్ 2020లో రావాల్సింది, ఇప్పుడు మొదటి డెలివరీ 2027 అంటున్నారు. దాన్ని నమ్ముకుని కొత్త ఫస్ట్ క్లాస్ గీసుకున్న కంపెనీలన్నీ ఎదురుచూస్తున్నాయి. ఇంత ఆలస్యం జరిగేకొద్దీ జనంలో ఊహ పెరుగుతూనే ఉంటుంది. వచ్చాక ఏదైనా కొంచెం తక్కువగానే అనిపిస్తుంది.

బరువు గురించి కూడా ఒక మాట. గోడలు, తలుపులు, మోటార్లు, తెరలు అన్నీ విమానం ముక్కు దగ్గర చేరుతాయి. స్విట్జర్లాండ్ విమాన సంస్థ 'స్విస్' తన ఎ330లలో కొత్త క్యాబిన్ పెట్టాలనుకుంటే ముందు భాగం ఎంత బరువెక్కిందంటే, సమతూకం కోసం వెనక భాగంలో దాదాపు ఒకటిన్నర టన్నుల సీసం పెట్టాల్సి వస్తుందని తేలింది. ముందు వాళ్ల సౌకర్యం కోసం ప్రతి ప్రయాణంలోనూ సీసాన్ని మోసుకుపోవడం. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది. గ్రాము గ్రాము తగ్గించడానికి మేం సీటు కాలికి రంధ్రాలు చేసి లెక్కలు కట్టిన రోజులు గుర్తొచ్చాయి.

సరే, ఇప్పుడు ఒక్కో గది ఎలా ఉందో.

ఎమిరేట్స్ 777 గది మాట నిలబెట్టుకున్నదే. తలుపు మూస్తే నిజంగా గదే. వేడి, చలువ, వెలుతురు అన్నీ ప్రయాణికుడి చేతిలో ఉంటాయి. సిబ్బందిని వీడియో కాల్‌లో పిలవొచ్చు, గ్లాసు అందించడానికి చిన్న కిటికీ కూడా ఉంది. మధ్య గదికి బయటి కిటికీ ఉండదు కదా, దానికి బయట అమర్చిన కెమెరాల దృశ్యాన్ని చూపించే నకిలీ కిటికీలు పెట్టారు. ఇంజినీరుగా ఆ పని చూసి ముచ్చట పడ్డాను. కానీ చిక్కు ఒకటుంది. ఆ గదులున్న 777లు కొన్నే. అదే కంపెనీ 777లలో ఎక్కువ వాటిలో ఉన్నది పాత తరహా సూటే. యాడ్ చూసి ఒకటి అనుకుని, ఎక్కాక ఇంకొకటి చూసినవాళ్లు ఎంతోమంది. ఇక్కడ లోపం గదిలో లేదు, అమ్మే పద్ధతిలో ఉంది.

సింగపూర్ కొత్త సూటు విషయంలో నాకు అంత తృప్తి లేదు. సుమారు 50 చదరపు అడుగుల చోటు, గోడలోంచి దిగే విడి మంచం, తిరిగే తోలు కుర్చీ. చూడ్డానికి కళ్లు చెదురుతాయి. కానీ ఇందులో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని కలిసి భోంచేయడం కష్టం. డబుల్ బెడ్ అన్ని గదులకూ కుదరదు, మొదటి రెండు వరసలకే. మూడో వరస గదులు దేనితోనూ కలవవు. ఇంత చోటు ఇచ్చి, మనుషులు ఆ చోటులో ఏం చేస్తారో సరిగా ఆలోచించలేదేమో అనిపిస్తుంది.

ఎయిర్ ఫ్రాన్స్ 2025లో తెచ్చిన 'లా ప్రీమియేర్' నాకు బాగా నచ్చింది. నాలుగే గదులు. కుర్చీ, దాని పక్కన రెండు మీటర్ల పడకయ్యే సోఫా. కిటికీ పక్క గదికి వరసగా ఐదు కిటికీలు. తలుపు హంగామా కంటే నేల నుంచి పై దాకా దిగే మందపాటి తెరలను నమ్ముకున్నారు. బరువు తక్కువ, ఇరుక్కుపోయే భయం తక్కువ, సిబ్బంది అడుగుల చప్పుడు కూడా గుడ్డ కొంత తాగేస్తుంది. ఒక డిజైనర్ తలుపు లేకుండానే ఏకాంతం ఇవ్వగలిగాడంటే, అతను సమస్యను సరిగా అర్థం చేసుకున్నాడని నా ఉద్దేశం.

ఎమిరేట్స్ ఎ380 షవరు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: ఫస్ట్ క్లాస్‌లో 14 మందికి రెండు స్నానాల గదులు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాల నీళ్లు. బావుంటుంది. అంతే.

ఇక అసలు విషయానికి, నిద్రకు వస్తున్నాను.

విమానంలో గాలి అందరికీ దాదాపు ఒకటే. 777లో క్యాబిన్ పీడనం దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తు కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఊటీ కంటే ఎత్తు. 787లో, ఎ350లో ఆరు వేల అడుగులకు దగ్గరగా ఉంచగలుగుతున్నారు. తేమ పది, ఇరవై శాతం మధ్య. రోహిణీ కార్తె ఎండలో కూడా మన ఊళ్లలో గాలి సాధారణంగా అంత పొడిగా ఉండదు. ఆక్సిజన్ కాస్త తక్కువ, గొంతు ఎండిపోవడం, ముక్కు బిగుసుకోవడం: వీటికి గోడలతో, తోలుతో సంబంధం లేదు. పాత డిజైన్ విమానంలో లక్షలు పోసి కొన్న గదిలో పడుకున్నవాడి కంటే, ఎ350 ఎకానమీలో ఉన్నవాడు మెరుగైన గాలి పీలుస్తున్నాడు. ఈ మాట యాడ్‌లలో ఎక్కడా కనబడదు.

2010లో లుఫ్తాన్సా తన ఎ380 ఫస్ట్ క్లాస్‌లో గాలికి తేమ చేర్చే యంత్రం పెట్టింది. ఫొటోలో పడదు, వీడియోలో పడదు. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నన్నడిగితే ఈ పాతికేళ్లలో ఫస్ట్ క్లాస్‌కు జరిగిన గొప్ప మేలుల్లో అదొకటి. పొద్దున గొంతు నొప్పి లేకుండా లేవడం కంటే పెద్ద విలాసం ఏముంది?

తిండి కూడా అంతే. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం విమాన క్యాబిన్ లాంటి గదిలో పీడనం, తేమ తగ్గించి మనుషుల చేత రుచి చూపించింది. ఉప్పు, తీపి బాగా తగ్గినట్టు అనిపించాయి. పులుపు, కారం అంతగా తగ్గలేదు. నేల మీద టమాటా రసం ముట్టనివాళ్లు గాల్లో అడిగి మరీ తాగడానికి ఇదొక కారణమంటారు. ఖరీదైన ఫస్ట్ క్లాస్ మెనూలో నాజూకైన రుచులు అక్కడ చప్పబడిపోతాయి. మన పులుసు, గోంగూర పచ్చడి లాంటివి నిలబడతాయి. హైదరాబాద్ నుంచి ఎగిరే విమానాల మెనూ రాసేవాళ్లు ఈ సంగతి గట్టిగా పట్టించుకోవాలని నా కోరిక.

నిద్రను నిజంగా లెక్కలోకి తీసుకుని పని మొదలుపెట్టినది, నాకు తెలిసి, ఆస్ట్రేలియా క్వాంటాస్. సిడ్నీ నుంచి లండన్‌కు ఎక్కడా ఆగకుండా, దాదాపు ఇరవై గంటలు ఎగిరే ఎ350ల కోసం 2019లోనే న్యూయార్క్, లండన్‌ల నుంచి సిడ్నీకి పరీక్ష ప్రయాణాలు చేసి, సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకుల చేత మనుషుల నిద్ర, వెలుతురు, భోజన వేళలు కొలిపించారు. లైట్లు ఎప్పుడు ఎలా మారాలి, కారంగా ఉండే భోజనం ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు లేచి కదలాలి అని చూశారు. ఆ విమానంలో ఫస్ట్ క్లాస్ గదులు ఆరే, కుర్చీ, పడక వేరువేరుగా. కానీ నాకు నచ్చినది అది కాదు. ఎకానమీకీ ప్రీమియం ఎకానమీకీ మధ్య సీట్లు తీసేసి, నిలబడి ఒళ్లు సాగదీసుకునే చోటు వదిలారు. సీట్లు అమ్ముకునే స్థలం వదులుకున్నారు. ఆ విమానాలు కూడా ఆలస్యమయ్యాయి. ప్రయాణికులు ఎక్కాకే అసలు ఫలితం తెలుస్తుంది.

ఈ సభలో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు ఎంత సంతోషించామో గుర్తుందా? ఆ 777లో 8 ఫస్ట్ క్లాస్ సీట్లు, 35 బిజినెస్, 195 ఎకానమీ. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ దుబాయో, దోహానో, ఫ్రాంక్‌ఫర్టో దిగి ఎక్కాలి. అరవై దాటిన అమ్మలు, నాన్నలు కాళ్లు వాచి, మోకాళ్లు బిగుసుకుపోయి దిగుతున్నారు. 1990ల్లో ఫస్ట్ క్లాస్‌లో వచ్చిన పడక నాలుగైదేళ్లలో బిజినెస్‌కు వచ్చింది. తలుపు పది ఏళ్లలో వచ్చింది, 2017లో ఖతర్ ఎయిర్‌వేస్ క్యూసూట్ లాంటి వాటితో. కానీ బిజినెస్ దాటి వెనక్కి ఏం వచ్చింది? తెర పెద్దదైంది, సీటు పలచబడింది. విద్యార్థులారా, మీలో ఎవరైనా సీట్ల పనిలోకి వస్తే దయచేసి ఆ వెనక వరసల మీద పని చేయండి. తొడ కింద ఎంత ఒత్తిడి పడుతోంది, పాదం ఆనడానికి చోటుందా, మెడ పక్కకు వాలితే ఆపేదేముంది అన్నవి చూడండి. అక్కడ మిగిలిన పని చాలా ఉంది, చేసేవాళ్లు తక్కువ.

(సభలో ఒకరు అడిగారు: "మా అబ్బాయి క్రెడిట్ కార్డు మైళ్లు కూడబెట్టాడు. మమ్మల్ని ఒక్కసారైనా ఫస్ట్ క్లాస్‌లో పంపుతానంటున్నాడు. వెళ్లమంటారా?")

తప్పకుండా వెళ్లండమ్మా. పిల్లవాడు ప్రేమగా ఇస్తున్నాడు. కాకపోతే కొన్ని చూసుకోండి. నాలుగు గంటల పగటి ప్రయాణం మీద ఆ మైళ్లు ఖర్చు పెట్టొద్దు. రాత్రిపూట, పది గంటలు దాటిన ప్రయాణానికి పెట్టండి. ఎక్కగానే భోజనం అంతా తినాలని చూడకుండా, పడక వేయమని అడిగి ముందు పడుకోండి. భోజనం లేచాక అడిగినా పెడతారు. నీళ్లు తాగుతూ ఉండండి. ఇద్దరూ వెళ్తుంటే గదులు కలిసేవో కాదో బుక్ చేసేటప్పుడే అడగండి, ఎక్కాక మార్చడం కష్టం. ముఖ్యంగా సీట్ మ్యాప్ చూడమనండి. ఎమిరేట్స్ 777లో వరసకు ఒకటి, ఒకటి, ఒకటి అని ఉంటే కొత్త గది. ఒకటి, రెండు, ఒకటి అని ఉంటే పాతది. బయలుదేరే ముందు రోజు ఇంకోసారి చూడమని చెప్పండి, చివర్లో విమానం మార్చేస్తుంటారు.